బిడ్డను ఏ బడిలో వేయవలెను?



ఏటేట జూన్ మాసమున బడులు తెరచు వేళకు కరీంనగరము, ఆదిలాబాదు ప్రాంతముల పల్లెలలో ఇంటింట ఒకే ప్రశ్న వినవచ్చుచుండును. "పిల్లవానిని ఏ బడిలో వేయుదము?" అనునదే ఆ ప్రశ్న. పెక్కు ఇండ్లలో దీనికి తుదిమాట చెప్పువారు తాతలును నాయనమ్మలునే. తండ్రి గల్ఫు దేశమునకు పనికై పోయియుండును. లేదా సిరిసిల్లలో మరమగ్గము కడనో, గోదావరిఖనిలో బొగ్గుగనిలోనో ఉండును. తల్లి బీడీలు చుట్టుచు దినము గడపుచుండును. కావున నేటి నా మాటలు ముఖ్యముగా పెద్దలనుద్దేశించినవి.

ఈ నిర్ణయము చిన్నది కాదు. బిడ్డ బాల్యమును, ఇంటి సంపాదనలో పెద్దపాలును, ఒక్కొక్కప్పుడు ఊరిబడి బ్రతుకును దీనిపై ఆధారపడియున్నవి. మనము ఎద్దును కొనునప్పుడు పండ్లు చూతుము, గిట్టలు చూతుము, నాగటికి కట్టి నాలుగు చాళ్లు దున్నించి చూతుము. బడి విషయమున మాత్రము గోడల రంగు చూచి, వాకిటికి వచ్చు బస్సును చూచి, పొరుగువాడు తన కొడుకును ఎక్కడ చేర్చెనో విచారించి నిశ్చయించుచున్నాము. నేను చెప్పదలచిన మాట ఒక్కటే: పరీక్ష బిడ్డకు గాక బడికి పెట్టవలెను.

మన తాతల కాలమున ఈ చింత లేదు. ఏలయన ఎంచుకొనుటకు బడులే అరుదు. నిజాము ప్రభుత్వమున సర్కారు చదువులకు ఉర్దూయే ప్రధానము. 1918లో వెలసిన ఉస్మానియా విశ్వవిద్యాలయమున బోధనభాషయు ఉర్దూయే. తెలుగు అక్షరములు కావలసినవారికి వీధిబడి పంతులే దిక్కు. ఇసుకలో వ్రేలితో ఓనమాలు దిద్దుటతో చదువు మొదలగుచుండెను. 1928లో మాడపాటి హనుమంతరావుగారు మున్నగువారు హైదరాబాదులో బాలికలకు తెలుగు ఉన్నత పాఠశాలను నెలకొల్పినప్పుడు, దానిని దూరముననున్న పూనా నగరపు కర్వే మహిళా విశ్వవిద్యాలయమునకు అనుబంధింపవలసివచ్చెను. మాతృభాషలో ఆడుబిడ్డకు చదువు చెప్పించుటకు ఆనాటి పెద్దలు అంత దూరము చూచిరి.

నేడు కొరత పోయినది. కొత్త చిక్కు వచ్చినది. సర్కారు బడి కలదు, ఆశ్రమ పాఠశాల కలదు, గురుకులము కలదు, పట్టణమున ప్రైవేటు బడులు వీధివీధిన కలవు. బడులు హెచ్చినకొలది పోటీయు హెచ్చినది. కొన్ని చోట్ల ఇంకను పాలపండ్లు ఊడని పసివానిని నిలువబెట్టి ప్రశ్నలడిగి, తల్లికి ఇంగ్లీషు వచ్చునా, తండ్రి యేమి చదివెనని విచారించి, పిదప చేర్చుకొందుమో లేదో చెప్పెదమనుట కలదు. ఆ గదినుండి వెలుపలికి వచ్చిన తల్లి తన బిడ్డయందే లోపమున్నదని తల దించుకొనును. పెద్దలు ఇచ్చట చట్టమును తెలిసికొనియుండవలెను.

2002లో రాజ్యాంగమునకు చేసిన 86వ సవరణచే ఆరు మొదలు పదునాలుగేండ్ల వరకు గల పిల్లలకు విద్య ప్రాథమికహక్కైనది. దానిననుసరించి 2009లో విద్యాహక్కు చట్టము పుట్టి, 2010 ఏప్రిల్ 1నుండి అమలులోనికి వచ్చినది. ఆ చట్టపు 13వ సెక్షను ప్రకారము పిల్లవానిని చేర్చుకొనునప్పుడు అతనిని గాని, తలిదండ్రులను గాని పరీక్షించి వడపోయరాదు. అట్లు చేసిన బడికి మొదటిసారి 25,000 రూపాయల వరకును, ఆ మీద ప్రతిసారికి 50,000 రూపాయల వరకును జరిమానా కలదు. ప్రకటించిన ఫీజు గాక విరాళమని మరియొక సొమ్ము వసూలు చేసినచో, దానికి పదిరెట్ల వరకు జరిమానా. వయస్సునకు కాగితము లేదని చేర్చుకొనకపోవుటయు కూడదు. ఈ మాటలు తెలిసిన తాత ప్రక్కనున్నచో ఏ తల్లియు తల దించుకొననక్కరలేదు.

అయితే మన పిల్లలకు పరీక్ష లేకుండ దొరకని బడులును కొన్ని కలవు. అవి సర్కారువారి గురుకులములును నవోదయ విద్యాలయములును. ఈ రెండింటి చరిత్రలోను మన వంగరలో పెరిగిన పి.వి. నరసింహారావుగారి పేరున్నది. ఆయన ముఖ్యమంత్రిగానున్న 1971లో నల్లగొండ జిల్లా సర్వేలున మొదటి గురుకుల పాఠశాల వెలసినది. ఆయన కేంద్రమంత్రిగానున్న కాలముననే, 1985-86లో, నవోదయ విద్యాలయముల పథకము మొదలైనది. కరీంనగరమువారికి చొప్పదండిలోను, ఆదిలాబాదువారికి కాగజ్‌నగరులోను నవోదయలు కలవు. అందు ఆరవ తరగతికి 80 సీట్లు. వానిలో నూటికి 75కు తక్కువ గాకుండ పల్లెబడుల పిల్లలకే. గురుకులములలో ఐదవ తరగతికి, నాలుగవ తరగతి చదువు పిల్లలు ఉమ్మడి ప్రవేశపరీక్ష వ్రాయుదురు. తెలుగు, ఇంగ్లీషు, లెక్కలు, పరిసరముల విజ్ఞానము, బుద్ధిసూక్ష్మత అనువానిలో ప్రశ్నలుండును. సీటు దొరికిన బిడ్డకు తిండి, బస, పుస్తకములు సర్కారు ఖర్చుననే జరుగును. పేదయింటికి ఇది గొప్ప మేలు. దరఖాస్తు గడువు దాటనీయక వ్రాయింపుడు.

కాని రెండు మాటలు మరువకుడు. ఒకటి, ఈ పరీక్షకై పిల్లవానిని ఊరిబడి మాన్పించి పట్టణమున శిక్షణ కేంద్రములలో పడవేయుట తగదు. నాలుగవ తరగతి పాఠములు నాలుగవ తరగతిలో చక్కగా చదివిన బిడ్డకు కావలసిన సిద్ధత చాలవరకు కలుగును. తొమ్మిదేండ్ల వానికి ఆటయు నిద్రయు అన్నము వంటివి. రెండు, సీట్లు కొద్ది, బిడ్డలు పెక్కు. దొరకని బిడ్డను "నీవు తప్పితివి" అని పదిమంది నడుమ అనకుడు. నలుబది యేండ్లకు పైగా పిల్లలకు పాఠములు చెప్పినవాడను గనుక చెప్పుచున్నాను: ఆ ఒక్క మాట పడిన పిల్లవాడు పలకను చూచినను బెదరును.

ఇక బడిని పరీక్షించు విధము. బడి నడచుచున్న దినమున, ఒక ఉదయమున, మీరే వెళ్లుడు. ప్రధానోపాధ్యాయుని సెలవు పొంది మూడవ తరగతి పిల్లను ఒకతెను పిలిచి, ఆమె చూడని పుస్తకములో ఒక పుట చదివింపుడు. చదివిన పిదప కథయేమని అడుగుడు. బాకీ పెట్టవలసిన తీసివేత లెక్క ఒకటి వేయింపుడు. చదివి, అర్థము చెప్పి, లెక్క వేసినచో ఆ బడి మంచిది; దాని గోడకు సున్నము లేకున్నను మంచిదే. ఇంగ్లీషు పాటను గడగడ అప్పగించిన పిల్లను చూచి మురియకుడు. ఆ పాటలో ఒక మాట తీసి, దాని అర్థమేమని అడుగుడు.

రెండవది గురువుల లెక్క. 60 మంది పిల్లల వరకు ఇద్దరు, 90 మంది వరకు ముగ్గురు, 120 మంది వరకు నలుగురు ఉపాధ్యాయులుండవలెనని ప్రాథమిక పాఠశాలకు చట్టము విధించినది. ఎందరుండవలెను, ఎందరున్నారు, ఉన్నవారు ఏమి చదివినవారు, గత సంవత్సరమున్నవారే ఈ సంవత్సరమును ఉన్నారా అని విచారింపుడు. ఏటేట గురువులు మారు బడిలో పిల్లవాని గుణదోషములు తెలిసినవాడు ఒకడును మిగులడు. బెత్తము పట్టు బడిని మెచ్చుకొనకుడు. పిల్లలను కొట్టుటను అదే చట్టపు 17వ సెక్షను నిషేధించినది.

మూడవది దూరము. ప్రాథమిక పాఠశాల ఇంటికి ఒక కిలోమీటరు లోపలనే ఉండవలెనని నియమము. పట్టణపు బస్సు నాలుగైదు ఊళ్లు తిరిగి పిల్లలను ఎక్కించుకొని పోవునుగదా. రాకపోకలకు దినమునకు రెండు గంటలనుకొందము. ఏటికి 200 పనిదినములకు 400 గంటలు. ఒకటి మొదలు ఐదవ తరగతి వరకు చట్టము ఏటికి విధించిన బోధనకాలము 800 గంటలు. అనగా బడిలో కూర్చుండు కాలములో సగమంత బస్సులోనే గడచుచున్నది.

నాలుగవది ఖర్చు. ఫీజు ఒక్కటే చూడక బస్సు, పుస్తకములు, దుస్తులు, బూట్లు అన్నియు కూడి చూడుడు. ఏటికి మొత్తము 30,000 రూపాయలనుకొందము. దానిని నూటికి నెలకు రెండు రూపాయల మిత్తికి తెచ్చినచో, ఏడాది తిరుగునప్పటికి మిత్తియే 7,200 రూపాయలగును. పది తరగతులు ఇట్లే నడుపగలమా? నడుమ మాన్పించినచో బిడ్డ ఏ స్థితిలో మరియొక బడికి పోవును? మరియు కొన్ని ఇండ్లలో కొడుకును ఫీజుల బడికిని, కూతురును సర్కారు బడికిని పంపుదురు. సర్కారు బడి చాలునన్నచో ఇద్దరికిని చాలును. చాలదన్నచో ఇద్దరికిని చాలదు. ఆడుబిడ్డ ఈ భేదమును నోట అనకున్నను మనస్సున లెక్క వేసికొనుచుండును.

ఐదవది భాష. ఇంగ్లీషు కావలెనని తల్లి కోరుట తప్పు కాదు. ఉద్యోగముల తీరు ఆమెకు తెలియును. అయితే తెలంగాణ ప్రభుత్వము 2022-23 విద్యాసంవత్సరము నుండి సర్కారు బడులలోను ఇంగ్లీషు మాధ్యమమును ప్రవేశపెట్టి, తెలుగును ఇంగ్లీషును ఎదురెదురు పుటలలో గల పుస్తకములను పంచినది. కావున ఇంగ్లీషు కొరకే ఊరు విడువవలసిన పని లేదు. ఏ బడియైనను తెలుగును నేర్పవలెనని 2018 నాటి తెలంగాణ చట్టము చెప్పుచున్నది. మీరు చూచిన బడిలో తెలుగు గంట ఎట్లు జరుగునో అడుగుడు.

ఇందులకు మన ఆదిలాబాదు అడవులలోనే ఒక నిదర్శనము కలదు. కుమ్రం భీము 1940లో జోడేఘాటున మరణించిన పిమ్మట, గోండుల కష్టములను అధ్యయనము చేయుటకు నిజాము ప్రభుత్వము హైమన్‌డార్ఫ్ అను పండితుని నియమించెను. ఆయన పూనికతో 1943లో మార్లవాయిలో గోండు యువకులకు ఉపాధ్యాయశిక్షణ మొదలైనది. దేవనాగరి లిపిలో గోండి వాచకములు సిద్ధమైనవి. ఇంటిలో పలుకు మాట పుస్తకములో కనబడగా బిడ్డకు బడి పరాయిది కాదు. తెలిసిన మాటతో అక్షరము పట్టుబడిన పిదప తెలియని భాషను నేర్చుట సుకరము. సిరిసిల్ల ప్రాంతపు హనుమాజీపేటలో 1931లో జన్మించిన సి. నారాయణరెడ్డిగారు ఉర్దూ మాధ్యమమున చదివినవారే. అయినను బాల్యమున ఊరిలో విన్న హరికథలును జానపదుల పాటలును ఆయనలో నిలిచినవి. ఆయన తెలుగు కవియై 1988 సంవత్సరపు జ్ఞానపీఠ పురస్కారమునందిరి. బడిభాష ఏదైనను, ఇంటిభాషను బిడ్డకు ధారాళముగా అందించుట తాతలకును నాయనమ్మలకును చేతనైన పని. రాత్రి ఒక కథ చెప్పుటకు ఫీజు లేదు.

తుదకు ఊరిబడి మాట. ఒక్కొక్క ఇల్లు తన మేలు తాను చూచుకొని బిడ్డను బస్సెక్కించును. అందులో తప్పెన్నుటకు లేదు. కాని పిల్లలు తగ్గిన బడికి గురువులు తగ్గుదురు. గురువులు తగ్గిన బడికి పిల్లలు మరియు తగ్గుదురు. చివరకు ఆ బడిలో మిగులునది ఎవరు? బస్సు రుసుము కట్టలేని కూలివాని బిడ్డయు, దిక్కులేని తల్లి బిడ్డయు. మన పెద్దరికము ఆ బిడ్డల యెడలను ఉన్నది.

సర్కారు బడి బాగులేదని అరుగుమీద కూర్చుండి అనుటకంటె దానిని అడుగు మార్గము ఒకటి కలదు. విద్యాహక్కు చట్టపు 21వ సెక్షను ప్రకారము బడికి యాజమాన్య సంఘముండవలెను. అందు నాలుగింట మూడుపాళ్లు తలిదండ్రులే, సగము మంది స్త్రీలే. బడి పనితీరును, వచ్చిన సొమ్ము ఖర్చును విచారించు అధికారము ఆ సంఘమునకు కలదు. 2024లో మహిళాసంఘములతో కూడిన అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలును ఏర్పడినవి. సమావేశమునాడు మీ కోడలిని, కూతురిని పంపుడు. ఆనాటి కూలి పోయినను పంపుడు. "మా మూడవ తరగతి పిల్ల చదువలేకున్నది, ఏల?" అని మర్యాదతో అడుగుమనుడు. నెలనెల అడుగు తల్లులున్న బడిలో పలుకు విధము మారును. జూన్‌లో బడిబాటయని గురువులు ఇంటికి వచ్చినప్పుడును ఈ ప్రశ్ననే అడిగి, వారికి చల్లని మజ్జిగ ఇచ్చి, తగిన ఉత్తరము పొందుడు.

ఇట్లు పరీక్షించి చూచిన పిదప మీకు పట్టణపు బడియే మేలని తోచినచో నిస్సంశయముగా అచ్చటనే చేర్పుడు. ఊరిబడియే మేలని తోచినచో, పొరుగువాడు నవ్వునని వెనుదీయకుడు. చూచి ఎంచిన బడిలో బిడ్డను చేర్చితిమన్న ధైర్యము మీకుండును. నన్ను ఎవరును వడపోయలేదను ధైర్యము బిడ్డకుండును.

సెలవు.