ఎండలో నిలిపిన కారు

(మన సంఘం వేసవి సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



డి.ఎ. బకాయిల గురించి మాట్లాడమంటే నేను అరగంట ఆగకుండా మాట్లాడగలను. కార్యదర్శిగారు ఫోన్ చేసి, "ఆ సంగతులు ప్రతి సమావేశంలోనూ ఉండేవే, ఈసారి ఇంటికి పనికొచ్చేది ఏదన్నా చెప్పండి" అన్నారు. "అయితే ఎండలో కారు గురించి చెబుతాను" అన్నాను. ఆయన నవ్వారు. ముప్ఫయి అయిదేళ్లు సైకిలు మీద ఆఫీసుకు వెళ్లిన గుమాస్తాకి కారు సంగతులేం తెలుసు అనుకుని ఉంటారు. కానీ ఈ హాలు బయట ఇవాళ ఎన్ని కార్లున్నాయో చూశారా? మనం కొన్నవి కొన్ని, పిల్లలు కొత్తవి కొనుక్కుని మనకి వదిలేసినవి చాలా. నాదీ ఆ రెండో రకమే. మా ఇంటావిడ ముందు వరుసలోనే కూర్చుని ఉంది. నేను చెప్పేదాంట్లో తేడా వస్తే లేచి సరిదిద్దుతుంది.

మన గుంటూరు ఎండల గురించి మీకు వేరే చెప్పక్కర్లేదు. రెంటచింతల పేరు పేపర్లో రాని వేసవి లేదు. అటువంటి ఎండలో కారు నిలిపి వెళ్లి గంటలో తిరిగొస్తే లోపల ఎంత వేడి ఉంటుందో చేయి పెట్టి చూసినవాళ్లకు తెలుసు. ఎండ అద్దంలోంచి లోపలికి వస్తుంది, సీట్లనీ డాష్‌బోర్డునీ కాలుస్తుంది. అవి వెనక్కి వదిలే వేడిని మాత్రం అద్దం బయటికి పోనివ్వదు. లోపలి గాలికి కదలిక లేదు. ఇక ఆ పెట్టె పొయ్యి కాక ఏమవుతుంది?

అమెరికాలో ఆరిజోనా అనే ఎడారి రాష్ట్రం ఉంది. అక్కడి విశ్వవిద్యాలయం వారు, బయట మన మే నెల లాంటి ఎండ ఉన్న రోజుల్లో కార్లు నిలిపి కొలిచి, 2018లో ఆ లెక్కలు ప్రచురించారు. గంటసేపు ఎండలో ఉన్న కార్లలో గాలి సగటున 47 డిగ్రీలు, సీట్లు 51, స్టీరింగు 53, డాష్‌బోర్డు 69. నీడలో పెట్టిన కార్లలో గాలి 38, సీట్లు 41, స్టీరింగు 42, డాష్‌బోర్డు 48. లెక్కలు చూడటం అలవాటైన ప్రాణం కనుక ఈ రెండు వరుసలూ ఒక కాగితం మీద రాసి పెట్టుకున్నాను. ఒక్క నీడ వల్ల డాష్‌బోర్డు మీద 21 డిగ్రీల తేడా. దీనికి పైసా ఖర్చు లేదు.

అయితే నీడ పట్టుకోవటం కూడా ఒక విద్యే. నాకు అది నేర్పింది 1980ల్లో మా ఆఫీసరుగారి అంబాసిడర్ నడిపిన డ్రైవరు. క్యాంపుకి వెళ్లినప్పుడు నేను ఫైళ్ల కట్టలు ఒళ్లో పెట్టుకుని ముందు సీట్లో కూర్చునేవాణ్ణి. ఎక్కడ ఆగినా ఆయన ముందు ఆకాశం వంక చూసేవాడు. ఒకసారి చక్కగా నీడ ఉన్న గోడ పక్కన వదిలి, ఎండ పడుతున్న వైపు బండి పెట్టాడు. "అదేమిటయ్యా?" అన్నాను. "ఇప్పుడున్న నీడ మనకెందుకండీ గుమాస్తాగారూ, దొరగారు బయటికొచ్చేటప్పటి నీడ కావాలిగానీ" అన్నాడు. పొద్దున పదింటికి నీడ గోడకి పడమటి వైపు ఉంటుంది. రెండింటికి తూర్పు వైపుకి వస్తుంది. మీకు పని ఎంతసేపు పడుతుందో చూసుకుని ఆ వైపు పెట్టాలి. మిట్టమధ్యాహ్నం మాత్రం మన ప్రాంతంలో గోడని నమ్ముకుంటే లాభం లేదు. మే మొదటి వారంలో ఒకరోజు సూర్యుడు సరిగ్గా మన నడినెత్తి మీదికి వస్తాడు. నిలబెట్టిన కర్రకి ఆ క్షణాన నీడే ఉండదు. ఆ తరువాత ఆగస్టు మొదటి పది రోజుల దాకా మధ్యాహ్నపు సూర్యుడు నెత్తికి కాస్త ఉత్తరంగానే ఉంటాడు. కనుక ఆ వేళకి చెట్టో, పైకప్పో కావాలి. చెట్లలో వేప, చింత, కానుగ మంచివి. పిట్టల రెట్టలు పడతాయని మావాడు వేపచెట్టు కింద పెట్టనివ్వడు. రెట్ట తడిగుడ్డతో తుడిస్తే పోతుంది, ఎండిపోకముందే తుడవాలి, అంతే. కొబ్బరిచెట్టు కింద మాత్రం ఎవరూ పెట్టకండి, కారణం నేను చెప్పనక్కర్లేదు.

ఆ అంబాసిడర్ సీట్ల మీద తెల్ల తువ్వాళ్లు పరిచేవారు, అద్దాలకి చిన్న కర్టెన్లు ఉండేవి. అది అధికార దర్పం అనుకునేవాణ్ణి. దర్పం కొంత ఉన్నమాట నిజమే. కానీ రెక్సిన్ సీటు మీద తెల్ల తువ్వాలు పరిస్తే తొడలు కాలవు. ఇప్పుడు నా కారులోనూ రెండు పాత తువ్వాళ్లు ఉన్నాయి. దిగేటప్పుడు ఒకటి స్టీరింగు మీద, ఒకటి సీటు మీద వేస్తాను. స్టీరింగుని సగం చుట్టు తిప్పి ఆపితే ఎండ పడ్డ పైభాగం బండి కదిలేటప్పటికి కిందికి వెళ్లిపోతుంది. బెల్టు బకిల్‌ని కూడా గుడ్డ కింద దాచండి. మా మనవరాలికి ఆ ఇనుము తగిలి చేతి మీద వాత తేలింది.

ముందు అద్దానికి లోపలినుంచి పెట్టే వెండిరంగు అట్ట దొరుకుతుంది. కొనండి. మెరిసే వైపు బయటికి ఉండాలి. కొంతమంది తిరగేసి పెడుతున్నారు. లోపల పెట్టే అట్టకన్నా పైనుంచి కప్పే తెల్లగుడ్డ ఇంకా మంచిది, ఎండ అద్దాన్ని దాటకముందే ఆగుతుంది కాబట్టి. కానీ మన వయసులో రోజూ అంత గుడ్డ కప్పి తీయటం అయ్యే పని కాదు. అద్దాలకి నల్ల ఫిల్ము అంటించుకోమని షాపుల వాళ్లు చెబుతారు. 2012లో సుప్రీంకోర్టు నల్ల ఫిల్ములు కూడదని తీర్పు చెప్పింది. ఈ వయసులో ట్రాఫిక్ పోలీసు ముందు చేతులు కట్టుకుని నిలబడటం మనకెందుకు?

తిరిగి వచ్చాక వెంటనే ఎక్కి ఏసీ వేయకండి. ఒకవైపు అద్దం దించి, అవతలి వైపు తలుపు నాలుగైదుసార్లు తెరిచి మూయండి, విసనకర్రలాగా. లోపలి వేడిగాలి బయటికి వచ్చేస్తుంది. చూసేవాళ్లు నవ్వుతారు, నవ్వనివ్వండి. తరువాత అద్దాలు దించి ఒకటి రెండు నిమిషాలు నడిపి, అప్పుడు మూసి ఏసీ వేసుకోండి. కారులో వదలకూడనివి: ఇన్సులిన్, మాత్రలు, సిగరెట్ లైటరు, స్ప్రే డబ్బాలు, సెల్‌ఫోన్. ఇన్సులిన్ వేడికి చెడిపోతుంది. చెడిపోయినట్టు పైకి కనిపించకపోవచ్చు, షుగరు పెరిగాక గానీ తెలియదు. మందులషాపు నుంచి తిన్నగా ఇంటికి రండి, దారిలో ఇంకో పని పెట్టుకోకండి.

ఇంతవరకు చెప్పిందంతా కారు కోసం. అసలు నేను మాట్లాడతానన్నది దీని గురించి కాదు.

2019 మే నెలలో ఒకరోజు ఉదయం పదకొండు గంటలకి మా ఆవిడా నేనూ బ్యాంకుకి వెళ్లాం. ఏ బ్యాంకో అనవసరం. ఆవిడకి మోకాళ్ల నొప్పులు. ఆ బ్యాంకుకి ఏడు మెట్లు. "నేను రాలేనండీ, మీరు వెళ్లి రండి, ఐదు నిమిషాలేగా" అంది. పక్కనే ఉన్న చెట్టు నీడలో పెట్టాను. ఇంజను ఆపి, అద్దాలు రెండు వేళ్ల సందు దించి ఉంచాను. గాలి ఆడుతుందనుకున్నాను. దిగి నాలుగడుగులు వేసి, అలవాటు కొద్దీ చేతిలోని రిమోటు నొక్కాను. టిక్‌మని లాక్ పడింది.

లోపల కంప్యూటర్లు ఆగిపోయి ఉన్నాయి. "కూర్చోండి సార్, వచ్చేస్తుంది" అన్నారు. కూర్చున్నాను. పక్కన పాత స్నేహితుడు కనిపించాడు. ఆయనతో నేను మాట్లాడింది మన డి.ఎ. బకాయిల గురించే. నలభై నిమిషాలైంది.

బయటికి వచ్చేసరికి చెట్టు నీడ కారుని వదిలేసి అవతలికి జరిగింది. ఆవిడ తల పక్కకి వాలి ఉంది. ముఖం ఎర్రగా ఉంది, చెమట లేదు. పిలిస్తే కళ్లు తెరిచి, "మా అమ్మ వచ్చిందా?" అంది. మా అత్తగారు పోయి అప్పటికి ఇరవై ఏళ్లు. పక్కనే ఉన్న చెరుకురసం బండి అబ్బాయి పరిగెత్తుకొచ్చాడు. ఇద్దరం కలిసి నీడలోకి దింపాం. అతను ఐసు గోనెపట్టా తెచ్చి మెడ కింద, చంకల్లో పెట్టాడు, చీర మీద నీళ్లు చల్లాడు. ఎవరో 108కి ఫోన్ చేశారు. ఆసుపత్రిలో రెండు రాత్రులు ఉన్నాం. "ఇంకో పావుగంట అయితే నేనేం చెప్పలేకపోయేవాణ్ణి" అన్నారు డాక్టరుగారు.

తలుపు ఎందుకు తీయలేదు అని తరువాత అడిగాను. లాగితే రాలేదట. లోపలి లాక్ మీట ముందు పైకెత్తి తరువాత హ్యాండిల్ లాగాలి. రెండేళ్లు ఆ కారులో తిప్పాను, ఆ మాట ఒక్కసారీ చెప్పలేదు. అద్దాల బటన్లు తాళం లేకపోతే పనిచేయవు. హారన్ కొట్టాలని ఆవిడకి తోచలేదు. "మీరొస్తారు కదా అని కూర్చున్నాను" అంది. ఆ మాట ఇప్పటికీ నన్ను వదల్లేదు.

ఆ రెండు వేళ్ల సందు గురించి కూడా చెప్పాలి. అమెరికాలో 2005లో వైద్యులు కొలిచి రాశారు: బయట 22 నుంచి 36 డిగ్రీలున్న రోజుల్లోనే, మూసిన కారు లోపల గంటలో సగటున 22 డిగ్రీలు పెరిగింది. అందులో నూటికి ఎనభై పాళ్లు మొదటి అరగంటలోనే. అద్దాలు కొద్దిగా దించితే తేడా ఏమీ లేనట్టే. ఐదు నిమిషాలు, రెండు వేళ్లు, చెట్టు నీడ – నేను నమ్ముకున్న మూడూ నన్ను మోసం చేశాయి. పైగా మన వయసులో దాహం తొందరగా తెలియదు. బి.పి.కి నీరు తగ్గించే మాత్ర వేసుకునేవాళ్లకి ఒంట్లో నీరు ముందే తక్కువగా ఉంటుంది. ఆవిడ ఆ మాత్ర వేసుకుంటుంది.

పిల్లల సంగతి ఇంకా ఘోరం. చిన్న ఒళ్లు పెద్దవాళ్లకన్నా తొందరగా వేడెక్కుతుంది. 2025 మే నెలలో విజయనగరం దగ్గర ద్వారపూడిలో, ఆడుకుంటూ ఆగి ఉన్న కారులోకి ఎక్కిన నలుగురు పిల్లలు తలుపులు పడిపోయి, బయటికి రాలేక చనిపోయారు. పేపర్లో చదివి ఆ పూట మా ఇంట్లో అన్నం తినలేకపోయాం. వేసవి సెలవులకి మనవలు వస్తారు. దాగుడుమూతలకి వాళ్లకి కారు కన్నా మంచి చోటు దొరకదు. వెనక తలుపులకి పిల్లల లాక్ వేసి ఉంటే లోపలినుంచి తెరుచుకోవు. ఇంటి ముందు నిలిపినా తాళం వేయండి, తాళంచెవి పిల్లలకి అందని మేకుకి తగిలించండి. పిల్లవాడు కనిపించకపోతే ముందు కారులోనూ డిక్కీలోనూ చూసి, తరువాత వీధిలోకి పరుగెత్తండి.

కారులో ఎవరన్నా కూర్చుంటామంటే నేనిప్పుడు ఒప్పుకోను. దిగి నాతో రావాలి, లేదా ఇంట్లో ఉండాలి. ఇంజను, ఏసీ వేసి కూర్చోబెట్టటం కూడా నమ్మదగ్గది కాదు, మధ్యలో ఆగిపోవచ్చు. మూసిన షెడ్డులో అయితే అసలు కూడదు, పొగ లోపలే నిండి ప్రాణం తీస్తుంది. ఇవాళ ఇంటికి వెళ్లాక ఒక్క పని చేయండి. మీ ఇంట్లో వాళ్లని కారులో కూర్చోబెట్టి, బయటినుంచి లాక్ చేసి, పక్కనే నిలబడి, తలుపు తీసుకుని రమ్మనండి. పొద్దు వాలాకే సుమా. తాళం తీసేసినా హారన్ మోగుతుందో లేదో చూడండి. చాలా కార్లలో మోగుతుంది. మా ఆవిడ ఇప్పుడు రెండు సెకన్లలో బయటికి వస్తుంది.

ఎవరికన్నా వడదెబ్బ తగిలి మాట తడబడినా, స్పృహ తప్పినా నోట్లో నీళ్లు పోయకండి, ఊపిరితిత్తుల్లోకి పోతాయి. నీడలోకి చేర్చి, ఒళ్లు తడిపి, విసరండి, 108కి ఫోన్ చేయండి.

కోశాధికారిగారు గడియారం చూపిస్తున్నారు. నా కారు గేటు పక్క వేపచెట్టుకి తూర్పున ఉంది. నీడ ఇప్పుడే దాని మీదికి వస్తూ ఉంటుంది. మీలో గోడకి పడమర పెట్టినవాళ్లు భోజనాలకి లేచేముందు ఒకసారి వెళ్లి జరుపుకుని రండి.