మూడో చక్రం
(వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగం)



మా మోటారుసైకిల్ మిత్రబృందంలో నన్ను ‘సైడ్‌కార్ బాబాయి’ అంటారు. మూడు చక్రాలున్నాయి, ఇక పడేదేముంది అనుకుంటారు చాలామంది. అది పొరపాటు. మన దేశంలో సైడ్‌కార్ ఎడమపక్క ఉంటుంది. వేగం పెంచితే బండి ఎడమకు లాగుతుంది, బ్రేకు వేస్తే కుడికి లాగుతుంది. ఎడమ మలుపులో ఖాళీ సైడ్‌కార్ చక్రం గాల్లోకి లేస్తుంది. అందుకే ఒక్కణ్ణే వెళితే ఇసుక మూట వేసుకుంటాను.

ఇది సరదాకి కొన్నది కాదండీ. బస్తర్‌లో తర్రెం పేరు మీకు తెలుసు. 2021 ఏప్రిల్ 3న ఆ ప్రాంతంలోనే 22 మంది జవాన్లు అమరులయ్యారు. అదే సంవత్సరం జనవరిలో సి.ఆర్.పి.ఎఫ్., డి.ఆర్.డి.ఓ. కలిసి ‘రక్షిత’ బైక్ అంబులెన్సు తెచ్చాయి. దానికి రెండే చక్రాలు. ఆ కాలిబాటల్లో మూడో చక్రానికి చోటేదీ?

అటువైపే పనిచేసిన నా మిత్రుడు మందుపాతర పేలి కాలు పోగొట్టుకున్నాడు. ఇల్లు కదిలేవాడు కాదు. పాత బుల్లెట్‌కు సైడ్‌కార్ బిగించి, ఆర్.టి.ఓ. అనుమతితో ఆర్.సి.లో రాయించి, వాడి గుమ్మం ముందు ఆపాను.

“ఏరా, నేను ఇసుక మూటనా?” అన్నాడు.

ఇప్పుడు ఎడమ మలుపు వస్తే నేను చెప్పకముందే అటు వంగుతాడు. సగం డ్రైవింగు వాడిదే!

మీ ఎరికలో ఇలా ఇంట్లోనే ఉండిపోయిన మనవాళ్ళుంటే చెప్పండి. వచ్చి ఎక్కించుకుంటాను.

జైహింద్.