ఇంజనీరింగా, సైన్సా?

ఇంటర్ ఎంపీసీ పూర్తవుతుంటే మన ఇళ్లలో వినిపించే ప్రశ్న ఒకటే: ర్యాంకు ఎంత, ఏ కాలేజీలో సీటొస్తుంది? అదే ఎంపీసీతో సైన్స్ దారి కూడా ఉందని పిల్లలకు చెప్పేవాళ్లు తక్కువ.

ముందు తేడా చూద్దాం. కొన్ని లోహాలు అతిశీతల స్థితిలో విద్యుత్తుకు నిరోధం ఎందుకు చూపవని అడిగేది సైన్స్. ఆ గుణంతో ఎంఆర్ఐ యంత్రాన్ని భద్రంగా, తక్కువ ఖర్చులో ఎలా తయారుచేయాలని అడిగేది ఇంజనీరింగ్. మీ మనసు ఏ ప్రశ్న దగ్గర ఆగుతుందో గమనించండి.

సైన్స్ చదవడానికి మంచి సంస్థలున్నాయి. తిరుపతిలో 2015లో ఐసర్ అనే సైన్స్ విద్యాసంస్థ మొదలైంది. అక్కడి ఐదేళ్ల బీఎస్-ఎంఎస్ కోర్సుకు ఐఏటీ అనే ప్రవేశ పరీక్ష రాయాలి. భువనేశ్వర్‌లోని నైసర్ అనే సంస్థకు నెస్ట్ అనే పరీక్ష రాయాలి. బీఎస్సీ చేసినవారికి జామ్ అనే పరీక్ష ద్వారా ఐఐటీల్లో ఎమ్మెస్సీ సీట్లున్నాయి.

బీటెక్‌తో నాలుగేళ్లకే ఉద్యోగానికి వెళ్లొచ్చు. పరిశోధనకైతే పీహెచ్‌డీ దాకా ఓపిక కావాలి. జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్ (జేఆర్‌ఎఫ్) సాధించినవారికి 2023 నుంచి నెలకు 37,000 రూపాయలు ఇస్తున్నారు. ఇంటి పరిస్థితిని లెక్కలోకి తీసుకోవడం తప్పు కాదు.

రెండు దారులూ కలుస్తాయి కూడా. తెనాలి ప్రాంతంలో పుట్టిన యలవర్తి నాయుడమ్మ రసాయనశాస్త్రం చదివి, మద్రాసులోని కేంద్ర తోళ్ల పరిశోధన సంస్థకు సారథ్యం వహించారు. ఆయన విజ్ఞానం తోళ్ల పరిశ్రమకు అండ అయింది.

విద్యార్థులారా, ఇంటర్ రెండో ఏడాది మొదట్లోనే ఈ ప్రవేశ పరీక్షల వివరాలు తెలుసుకోండి. తల్లిదండ్రులారా, నిర్ణయానికి ముందు పిల్లల మాట పూర్తిగా వినండి.