గోడల దగ్గర నేర్చిన ఆధునికత

  నాకీ గౌరవాన్నిచ్చిన నిధి ఎవరి పేరిట ఏర్పడిందో ఆ డ్రాయింగ్ మాస్టారు మమ్మల్ని రబ్బరు ముట్టనిచ్చేవారు కాదు. తప్పు గీతను అలాగే ఉంచి పక్కన సరైనది గీయమనేవారు. ఆయన పెట్టిన ఆ క్రమశిక్షణకు నేటికీ రుణపడి ఉన్నాను.

అదే పద్ధతిలో ఈరోజు చిత్రకారిణి అమృతా షేర్‌గిల్ గురించిన ఒక తప్పు మాట పక్కన సరైనది పెట్టబోతున్నాను. ఆమె జీవితం మీకు తెలిసిందే. 1913లో బుడాపెస్టులో పుట్టుక, పారిస్ చదువు, 1934లో తిరిగి రాక, 1941లో లాహోరులో ఇరవై ఎనిమిదేళ్లకే మరణం.  నేరుగా నా అభ్యంతరానికి వస్తాను.

ఆధునిక చిత్రకళను ఆమె పారిస్ నుంచి తెచ్చిందన్న మాట మన వ్యాసాల్లో పాతుకుపోయింది. ఏళ్లుగా దీన్ని ఖండిస్తున్నాను. అక్కడి కళాశాల ఎకోల్ దె బోజార్‌లో చిత్రకారుడు లూసియన్ సిమోన్ దగ్గర ఆమె నేర్చింది మనిషిని ఎదుట కూర్చోబెట్టి వెలుగునీడలతో దించే విద్య. 1932 నాటి ‘యంగ్ గర్ల్స్’కు మరుసటేడు పారిస్ వార్షిక కళాప్రదర్శన సలోన్ బంగారు పతకమిచ్చింది. అప్పటికే పాతబడిన క్యూబిజం జాడ కూడా అందులో లేదు. ఆధునికత పారిస్‌లోనే అబ్బితే, అన్నిటికన్నా ఆధునికంగా ఉండాల్సినవి ఆ బొమ్మలే కదా?

‘ఫ్రెంచి చిత్రకారుడు గొగాన్ ప్రభావం మాటేమిటి?’ అంటారు. 1935 నాటి ‘త్రీ గర్ల్స్’లో గొగాన్ ఉన్నాడు, కాదనను. యూరప్ ఆధునిక కళ వల్లే భారతీయ చిత్రాలు, శిల్పాలు అర్థమయ్యాయని ఆమే రాసిందనీ గుర్తుచేస్తారు. రాసింది. కాని అర్థం చేసుకోవడం వేరు, వేయడం వేరు. 1936 చివర మొదలైన దక్షిణ యాత్రలో అజంతా చూసింది; కొచ్చిలోని మట్టాంచేరి రాజభవనంలో గోడచిత్రాలకు నకళ్లు గీసింది. ఆమె చెల్లెలి కొడుకు వివాన్ సుందరం 2010లో వెలువరించిన ఆమె ఉత్తరాల సంపుటాలు తిరగేయండి, ఆ ఉత్సాహం కనిపిస్తుంది. 1937లో ‘బ్రైడ్స్ టాయిలెట్’, ‘బ్రహ్మచారీస్’ వచ్చాయి. విడివిడిగా నిలబడ్డ మనుషులు అక్కడ ఒకే కూర్పులో ఒదిగారు. తరువాత మొఘల్, బసోలీ సూక్ష్మచిత్రాల గురించి కళావిమర్శకుడు కార్ల్ ఖండాలావాలాతో ఉత్తరాలు నడిచాయి. 1940 నాటి ‘హల్దీ గ్రైండర్స్’కు వచ్చేసరికి వెలుగునీడల పెత్తనం పోయి, రంగే రూపాన్ని మోస్తుంది. చూపు పదునెక్కింది పారిస్‌లో కావచ్చు; చెయ్యి మారింది ఈ గోడల దగ్గరే.

ఇంతగా ఎందుకు వాదిస్తున్నానంటే, ఆధునికత పారిస్ సరుకే అయితే ఓడెక్కని స్త్రీలకు చరిత్రలో చోటు దక్కదు. కలకత్తాలో ఇంటిపట్టునే బొమ్మలు వేసిన సునయనీ దేవి చిత్రాలు 1922లో జర్మనీ కళాశాల బౌహౌస్ కళాకారుల చిత్రాలతో పాటు ప్రదర్శనకెక్కాయి. రాజమండ్రిలో చిత్రకారుడు దామెర్ల రామారావు చెల్లెలు బుచ్చికృష్ణమ్మ, భార్య సత్యవాణి ఇద్దరూ చిత్రకారిణులే. మన చరిత్రల్లో వాళ్లు ఆయన బంధువులుగానే మిగిలారు. అందుకే తెలుగు స్త్రీలు వేసిన చిత్రాలకు ఒక సమగ్ర పట్టిక సిద్ధం చేస్తున్నాను. మీ ఇళ్లలో అమ్మమ్మలు, మేనత్తలు వేసిన బొమ్మలుంటే అటక మీంచి దించి నాకు కబురు పెట్టండి. పేరు, ఊరు, వేసిన కాలం రాసుకుని, ఫొటో తీసుకుని, బొమ్మ మీకే అప్పగిస్తాను. ఈ వాదం తేలాలంటే ముందు ఆ బొమ్మలు వెలుగులోకి రావాలి.