పట్టువిడుపుల విజ్ఞానము
(ప్లాటినం జూబిలీ సభలో చేసిన ప్రసంగ పాఠము)



సున్నపుతేటలోనికి గొట్టముతో ఊదినచో అది పాలవలె తెల్లబారుట పాఠశాలలో చదివినవారందరు ఎరిగినదే. ఊపిరిలోని బొగ్గుపులుసు వాయువు, అనగా కార్బన్ డయాక్సైడ్, సున్నముతో కలిసి సుద్దగా మారుటయే అందుకు కారణము. వాయువును పట్టుట అంత సులభము. కాని ఆ సుద్దనుండి దానిని మరల విడిపించుటకు సుమారు 900 డిగ్రీల సెల్సియస్ వేడిగల బట్టీ కావలెను. బట్టీలో మండించు బొగ్గు మరికొంత వాయువును వెలువరించును. పట్టు గట్టిదైనకొలది విడుపు కష్టము.

యంత్రయుగమునకు పూర్వము గాలిలోని ప్రతి 10 లక్షల అణువులలో ఈ వాయువు పాలు 280. నేడది 420కి మించినది. భూమి వేడెక్కుటకు ఇదియే ముఖ్య కారణము. దీనిని పొగగొట్టముల వద్దనే పట్టి భూగర్భమున దాచవలెనని శాస్త్రజ్ఞులు యత్నించుచున్నారు. అందుకు ఒకే పదార్థము పట్టుచు విడుచుచు వేలసార్లు పనిచేయవలెను.

అట్టి పదార్థములకు బీజము ఒక బోధనోపకరణమున పడినది. 1974లో ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్ విశ్వవిద్యాలయమున రిచర్డ్ రాబ్సన్ విద్యార్థుల కొరకు కొయ్యబంతులతో అణువుల నమూనాలు సిద్ధపరచెను. బంతికి రంధ్రములు తగినచోట తొలిపించినచో, పుల్లలు గుచ్చగానే నమూనాకు సరియైన ఆకృతి వచ్చుట ఆయన గమనించెను. నిజమైన అణువులతోనే ఇట్లు కట్టరాదా అని తలచి, 1989లో రాగి అయానులు కూడళ్లుగా, కర్బన అణువులు దూలములుగా గల బోలు నిర్మాణమును ప్రకటించెను. అది సులభముగా కూలిపోవునది. 1997లో జపానులో సుసుము కితగావా వాయువులు వచ్చిపోయినను చెదరని చట్రమును చూపెను. 1999లో అమెరికాలో ఒమర్ యాఘీ యశదముతో నిర్మించిన మాఫ్-5లో ఒకటి రెండు గ్రాముల పొడి లోపలి ఉపరితలము ఒక ఫుట్‌బాల్ మైదానమంత! ఈ మువ్వురికి 2025లో రసాయనశాస్త్ర నోబెల్ బహుమతి లభించెను.

ఇట్టి చట్రములు పెక్కింటిలో వాయువు తేలికపాటి ఆకర్షణతో మాత్రమే గోడలకు అంటియుండును. కొద్ది వేడికే విడివడును. అయితే పొగలో నీటి ఆవిరియు ఉండును. అది గదులను ముందుగా ఆక్రమించును. మాఫ్-5 వంటివి తేమకు శిథిలమగును. కెనడాలోని కాల్గరీ విశ్వవిద్యాలయమున జార్జ్ షిమిజు బృందము రూపొందించి 2021లో వివరించిన కాల్ఫ్-20 కొంత తేమలోను ఈ వాయువునే ఎన్నుకొనును. ఆవిరి తగిలినను చెడదు. దానిని ఒక సిమెంటు కర్మాగారపు పొగతోనే పరీక్షించిరి. అది ఉచితమైన ఎంపిక. ఇంధనము ఏదైనను, సిమెంటునకు సున్నపురాయిని కాల్చినంతకాలము ఆ రాయినుండియే వాయువు వెలువడుచుండును.

కాని ఒక టన్ను కర్బనము మండినచో మూడున్నర టన్నులకు పైగా వాయువు పుట్టును. దానినంతటిని పట్టి, కుదించి, తరలించి, పూడ్చుట సామాన్యము కాదు. కావున తగులబెట్టుటను తగ్గించుటయే మొదటి కర్తవ్యము. తప్పనిచోట్ల ఈ చట్రములు అక్కరకు వచ్చును.

పిల్లలు చేతులతో కట్టి చూచుకొను నమూనాలు అలంకారములు కావు. ప్రయోగశాల బీరువాలలో దుమ్ముపట్టిన కొయ్యబంతులు మరల తరగతి బల్లలపైకి రావలెను. పూర్వ విద్యార్థులు ఈ పాఠశాలకు చేయదగిన మేలులలో ప్రయోగశాలకు తోడ్పడుట ముందుండవలెను.