ఫిర్యాదు వరుసను ఎవరు చదవాలి?



మాదాపూర్‌లో సైబర్ టవర్స్ మొదలైన 1998 నుంచీ అటు పనికి వెళ్ళే స్త్రీల భద్రత అంటే రాత్రి క్యాబులూ, వీధి దీపాలూ, 2014లో వచ్చిన షీ టీమ్స్ గురించే మాట్లాడుకుంటున్నాం. ఈ రోజు నేను కంప్యూటర్‌లోని ఒక పట్టిక గురించి మాట్లాడతాను.

పదిమంది, అంతకు మించి పనిచేసే ప్రతిచోటా లైంగిక వేధింపులపై అంతర్గత కమిటీ ఉండాలని 2013 చట్టం చెప్పింది. ఫిర్యాదుదారు పేరు, విచారణ వివరాలు ప్రజలకూ పత్రికలకూ తెలియనివ్వకూడదని 16వ సెక్షన్ అంటుంది. ఆఫీసు లోపలి కళ్ళ గురించి ఆ సెక్షన్ విడిగా ఏమీ చెప్పదు. కాగితాలు బీరువాలో ఉన్నప్పుడు తాళంచెవి ఎవరి దగ్గరుందో తెలిసేది. ఇప్పుడు డేటాబేస్‌లో ఒక్కో ఫిర్యాదు ఒక్కో వరుస. పట్టిక తెరిచే హక్కున్నవాడు అన్ని వరుసలూ చదవగలడు. అతను ఆమె పై అధికారే కావచ్చు.

దీనికి ‘రో లెవెల్ సెక్యూరిటీ’ అనే విరుగుడుంది. లాగిన్ అయినవారికి చెందిన వరుసలే డేటాబేస్ చూపిస్తుంది. ఉచితంగా దొరికే పోస్ట్‌గ్రెస్‌లో ఇది 2016లో విడుదలైన 9.5 నుంచీ ఉంది. తెర మీద దాచితే చాలదు. ఇంకో దారిన పట్టిక దగ్గరికి వెళితే అన్నీ కనిపిస్తాయి. నియమం పట్టికకే ఉండాలి.

ఇందులోనూ మెలికలున్నాయి. పట్టిక యజమానికి ఈ నియమం మామూలుగా వర్తించదు. విడిగా ఆదేశం ఇవ్వాలి. ‘సూపర్‌యూజర్’కి ఆ ఆదేశమూ అడ్డు కాదు. (ఇంటి నియమాలు ఇంటి యజమానికి వర్తించకపోవడం మనకు కొత్తా?) మరో మెలిక ఇంకా సూక్ష్మం. ఒక ఉద్యోగి నంబరు పట్టికలో ఒక్కసారే ఉండాలని షరతు పెట్టారనుకోండి. కొత్త వరుసలు చేర్చే గుమాస్తా ఆమె నంబరు కొడితే, అది ఇప్పటికే ఉందని కంప్యూటర్ తిప్పికొడుతుంది. వరుస కనబడలేదు. ఆమె ఫిర్యాదు చేసిందని మాత్రం తెలిసిపోయింది. ఆరుగురున్న టీములో ఆమె బతుకు దుర్భరం చెయ్యడానికి అది చాలు.

గోప్యత పేరుతో ఆమె ఫిర్యాదును ఆమెకే కనబడకుండా చేస్తే నేను ఒప్పుకోను. తన వరుస ఆమె చూడగలగాలి, దాన్ని ఎవరెవరు తెరిచారో కూడా.

కంపెనీ కమిటీల్లో బయటి సభ్యురాలిగా కూర్చునేవాళ్ళు మనలో ఉన్నారు. సూపర్‌యూజర్ ఎవరో, అతను తెరిచిన ప్రతిసారీ ఎక్కడ నమోదవుతోందో అడగండి. వార్షిక నివేదిక కోసం పట్టికంతా కావాలని యాజమాన్యం అంటే, ఆ నివేదికకు చట్టం అడిగేది ఎన్ని వచ్చాయి, ఎన్ని తేలాయి, 90 రోజులు దాటి ఎన్ని మిగిలాయి వంటి లెక్కలనీ, పేర్లు కాదనీ చెప్పండి.