రచ్చమాను రసాయనం



వృక్షశాస్త్ర గ్రంథాలలో జాంథాక్సిలం రెట్సా అనే చెట్టు ఒకటి కనబడుతుంది. ఈ పేరులోని రెండవ మాట లాటిను కాదు, గ్రీకు కాదు. అచ్చంగా మన తెలుగు మాట. 1793లో కలకత్తాకు వెళ్లేంతవరకు సామర్లకోటలో ఉండి కోరమండల్ ప్రాంతపు వృక్షసంపదను పరిశీలించిన విలియం రాక్స్‌బరో, తెలుగువారు దీనిని రచ్చమాను అంటారని విని, ఆ ధ్వనిని తనకు తోచినట్లు రోమను లిపిలో వ్రాసుకొన్నాడు. కొండవాసులు ఈ చెట్టు నీడన కూడి తమ ఉమ్మడి వ్యవహారాలను విచారించి తీర్మానించుకొంటారని ఆ పేరుకు వివరణ కూడ ఇచ్చాడు. రచ్చబండను ఎరిగిన మనకు ఆ వివరణ వింత కాదు. ఆయన మరణానంతరం 1820లో వెలువడిన ఫ్లోరా ఇండికాలో ఈ వర్ణన ఉన్నది. పచ్చికాయ నారింజ తొక్క రుచి, పండిన గింజ మిరియపు రుచి అని కూడ ఆయన వ్రాశాడు. ఆ రోజులలో వృక్షశాస్త్రజ్ఞునికి నాలుకే ప్రయోగశాల!

నారింజ రుచికి కారణం సులభంగానే గ్రహించవచ్చు. నిమ్మ, నారింజ, మారేడు, వెలగ, కరివేప మొదలైనవన్నీ చేరిన రూటేసీ కుటుంబానికే ఈ ప్రజాతి కూడ చెందినది. కొంకణ తీరంలో, గోవాలో ఈ రచ్చమాను కాయలనే తిరుఫల్ అని, తెప్పళ్ అని పిలిచి చేపల పులుసులో వేస్తారు. దీనికి దగ్గరి చుట్టమైన తిమూరు హిమాలయ పాదాలలో పెరుగుతుంది. ఉత్తరాఖండ్ గ్రామాలలో దాని పుల్ల పండ్లు తోముకొనడానికి పనికివస్తే, నేపాల్‌లో దాని కాయ పచ్చడికి రుచినిస్తుంది. సంస్కృత వైద్యగ్రంథాలు దానిని తుంబురు అన్నాయి. చైనావారి హువాజియావో, జపానువారి సాన్షో ఈ ప్రజాతిలోనివే.

ఈ కాయను నమిలినప్పుడు కలిగే అనుభూతి మిరపకారం వంటిది కాదు. పెదవులు, నాలుక జుమ్ముమని అదురుతున్నట్లుండి, కొంతసేపటికి తిమ్మిరెక్కుతాయి. సాన్షో పేరుమీదనే సాన్షూల్ అని పిలిచే అమైడు పదార్థం దీనికి కారణం. 2008లో ప్రకటితమైన పరిశోధన ప్రకారం, ఇది స్పర్శనాడుల పొరలోని కొన్ని పొటాషియం మార్గాలను మూసివేసి ఆ నాడులను ఉద్రేకపరుస్తుంది. 2013లో లండన్ శాస్త్రజ్ఞులు ఈ అదురును యంత్రపు కంపనంతో పోల్చి చూడగా అది సెకనుకు సుమారు 50 కంపనాలకు సరిపోయింది. తాకే వస్తువు ఏదీ లేకుండానే నాడి తాకిడిని తెలుపుతున్నదన్న మాట. పంటినొప్పికి ఈ పుల్లను నమలమన్న పల్లెవైద్యానికి ఆధారం ఇక్కడ దొరుకుతున్నది.

సాన్షూల్‌లో నత్రజని ఉన్నా, దానిని ఆల్కలాయిడుగా లెక్కించరు. అసలైన ఆల్కలాయిడులు, అంటే మన పాఠ్యగ్రంథాలు క్షారాభాలు అనేవి, ముఖ్యంగా బెరడులోను వేరులోను ఉంటాయి. 1826లో ఫ్రాన్సులో షెవాలియే, పెల్లెతాన్ అనే ఇరువురు ఈ ప్రజాతికి చెందిన ఒక అమెరికా చెట్టు బెరడు నుండి పసుపువన్నె చేదు పదార్థాన్ని వేరుచేశారు. మన మానుపసుపులో ఉండే బెర్బెరీనే అదని తరువాత తేలింది.

మన దేశంలో ఈ పరిశోధన కలకత్తాలో ఒక మెట్టు ఎక్కింది. 1944లోనే డాక్టరేటు పొందిన అసీమా చటర్జీ, తన సహచరులతో కలిసి 1959లో రచ్చమాను నుండి రెట్సీన్, రెట్సినీన్ అనే క్షారాభాలను ప్రకటించారు. మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలో టి. ఆర్. గోవిందాచారి బృందం కూడ ఆ మరుసటి సంవత్సరమే ఇదే చెట్టుపై తమ ఫలితాలను వెలువరించింది. ఈ పదార్థాలు, 1915లో జపానులో అసహీనా మరొక మొక్క నుండి వేరుచేసిన ఇవోడియమీన్ వర్గానికి చెందినవి. ట్రిప్టోఫాన్ నుండి వచ్చిన ఒక భాగాన్ని, ఆంత్రనిలిక్ ఆమ్లం నుండి వచ్చిన మరొక భాగాన్ని మొక్క అతికించి ఈ వలయాలను నిర్మిస్తుంది. రసాయన నిఘంటువులో రెట్సినీన్ అనే మాట చూచినప్పుడు అందులో మన రచ్చ దాగియున్నదని గుర్తించండి. ఇట్టి గౌరవం పొందిన తెలుగు మాటలు ఎన్నో లేవు.

మరొక వర్గం ఇంతకంటె తీవ్రమైనది. ఈ ప్రజాతి వేళ్ల నుండి తీసిన నిటిడీన్, ఫాగరోనీన్ అనేవి 1970వ దశకపు తొలి సంవత్సరాలలో జంతువులలోని రక్తపు కాన్సరుపై పనిచేసి గొప్ప ఆశలు రేపాయి. నిటిడీన్ విషగుణం వలన ఆ ఆశలు మందు రూపం దాల్చలేదు. బ్రహ్మదండి గింజలలోని సాంగ్వినరీన్ వీటికి రక్తసంబంధి వంటిది. ఆ గింజల నూనె కలిసిన ఆవనూనె వాడి 1998లో ఢిల్లీలో అరవైమందికి పైగా మరణించారు. కనుక కూరలో నాలుగు కాయలు వేయడం వేరు, ఎవరో చెప్పారని బెరడు కషాయం కాచి త్రాగడం వేరు. అడవి మందు కాబట్టి హాని చేయదనే నమ్మకాన్ని నేను అంగీకరించలేను.

చెట్టుకు కలిగే హాని కూడ ఉన్నది. కాయలు కోసినందువలన చెట్టు చావదు. ఏటేటా కోసేవారికి ఆదాయం నిలుస్తుంది. బెరడును చుట్టూ వలిచితే ఆకులు వండిన ఆహారం వేళ్లకు చేరదు, చెట్టు ఎండిపోతుంది. వేరు త్రవ్వితే చెప్పనక్కరలేదు. ఇవోడియమీన్‌ను నేడు ప్రయోగశాలలోనే తయారుచేయవచ్చు, దానికోసం అడవిలో బెరడు వలవవలసిన పని లేదు. పైగా ఈ ప్రజాతిలోని పెక్కు జాతులలో ఆడచెట్లు వేరు, మగచెట్లు వేరు; కాయలు ఆడచెట్లకే. తిమూరు గింజకు గట్టి, నూనెపట్టిన పెంకు ఉండడంచేత అది సులభంగా మొలకెత్తదు. కొట్టివేసిన చెట్టు స్థానంలో మరొకటి కాయలు కాయడానికి కొన్ని సంవత్సరాలైనా పడుతుంది.